మైనం కరిగేంత వేడి

మొన్న కోరుట్ల బస్‌స్టాండులో నన్ను తీసుకుపోవడానికి వచ్చిన పిల్లగాడి బండి ఇంజన్ చప్పుడు చేస్తోంది. అన్ని బండ్లూ చేసే చప్పుడు కాదు. వాడు వేగం పెంచినప్పుడల్లా లోపల ఎవరో చిన్న సుత్తి పట్టుకుని పలుచటి గిన్నెను కొడుతున్నట్టు టక టక టకమని. ఎక్కబోయి ఆగిపోయాను.

"ఎక్కు అమ్మమ్మా, ఏం గాదు. చైన్ చప్పుడది."

"చైన్ గాదు కొడుకా. లోపల పిస్టన్ కాడ ఏదో అరిగింది. ఇప్పించి సూపించు."

వాడు నా తెల్ల వెంట్రుకలు చూసి నవ్వాడు. సభల్లో దయ్యాల మీదా బాబాల మీదా మాట్లాడే ముసలిదని వాడి తాత చెప్పి ఉంటాడు. ఇంజన్ల సంగతి చెప్పి ఉండడు. ఆ తాత మంచం పట్టి నెల దాటింది, నన్ను ఒకసారి చూడాలని కబురు పంపాడు. నాకు అన్న వరస. రక్తసంబంధం ఏమీ లేదు. చిన్నప్పుడు మా ఇంటికీ వాళ్లింటికీ నడుమ ఒక కంపదడి ఉండేది, అంతే.

చివరికి ఎక్కాను. దారి పొడుగునా ఆ టకటక నా వెన్నులోంచి పైకి పాకింది. యాభై ఏళ్లకు పైగా భయపడొద్దని నలుగురికీ చెబుతూ తిరిగినదాన్ని. ఈ చప్పుడు వింటే మాత్రం నాకు మళ్లీ పదమూడేళ్లు వస్తాయి. ఈ సంగతి నేను ఏ వేదిక మీదా చెప్పలేదు. చెబితే నా మాట నమ్మేవాళ్లు తగ్గిపోతారని భయం. భయం గురించి ఉపన్యాసాలిచ్చే మనిషి దాచుకున్న భయం ఇది.

మా ఊరు కోరుట్లకూ రాయికల్‌కూ నడుమ. బాపు పశువుల దవాఖానలో కాంపౌండర్. గుంట భూమి లేని ఇల్లు మాది. మిషన్ బడిలో నాలుగు అక్షరాలు దొరికినందుకు బాపు చేతికి పలుగుకు బదులు సూది వచ్చింది. ఆయన ఇంట్లోకి వస్తే ముందు వాసన వచ్చేది. టించరు, ఫినాయిలు, వాటి కింద బర్రె మేని వాసన. అవ్వ, అంటే మా అమ్మ, వాకిట్లోనే నీళ్లు పెట్టి, చేతులు మోచేతుల దాకా కడిగిస్తేగాని లోపలికి రానిచ్చేది కాదు. నాయనమ్మ ఆదివారం ప్రార్థనకు పోయేది, గురువారం పోచమ్మకు కల్లు సాక పోసేది, అంగడినాడు రాయికల్‌లో మంత్రగాళ్ల ముందు కూర్చునేది. ఎవరు పలుకుతారో తెలియనప్పుడు అందరినీ పిలవాలని ఆమె లెక్క.

బాపు బండి మూడు చేతులు మారి మాకు చేరింది. నల్లటి బండి, పెట్రోలు టాంకీ మీద పిడికిలంత సొట్ట. మా వాడలో మోటారు సైకిలు అదే మొదలు. దాని మీద ఎంత దూరం నుంచి వచ్చినా, దొర గడీ దగ్గరికి రాగానే బాపు ఇంజన్ బంద్ చేసి దిగేవాడు. తల వంచుకుని గడీ పొడుగునా నూకుకుంటూ పోయి, మూల తిరిగాక మళ్లీ కిక్కు కొట్టేవాడు. చెప్పులు చేతపట్టుకుని నడిచే కాలం పోయింది గదా అనేవాళ్లు ఆ రోజుల్లోనే ఉండేవాళ్లు. పోలేదు. చెప్పుల బదులు ఇంజన్ వచ్చింది, వంగిన వీపు మాత్రం పాతదే.

నాకు పదమూడేళ్లున్న అరవై తొమ్మిదిలో, ఉద్యమం లేచి చలికాలంలో మూసిన బడి ఎండాకాలం దాటుతున్నా తెరవలేదు. గోడల నిండా బొగ్గుతోటీ సున్నంతోటీ 'జై తెలంగాణ' అని రాతలు. మొదట్లో మాకు పండుగే. ఈతపండ్లు ఏరుకునేవాళ్లం, ఎవరి చేన్లోనో మామిడికాయలు కొట్టుకుని ఉప్పూ కారం అద్దుకునేవాళ్లం. తర్వాత తర్వాత పెద్దవాళ్లు మమ్మల్ని చూసి మాట మధ్యలో ఆపేయడం మొదలుపెట్టారు. ఎవరినో పట్టుకుపోయారనీ, ఎక్కడో లాఠీలు లేచాయనీ ముక్కలుగా చెవిన పడేది. ఆగిపోయిన మాటలో మిగతా సగం ఏమిటో మేమే ఊహించుకునేవాళ్లం. ఊహించుకున్నది ఎప్పుడూ జరిగినదానికంటే పెద్దగానే ఉండేది.

దడి అవతలి అన్న జగిత్యాలలో చదువుకునేవాడు. కాలేజీ మూసేయడంతో ఇంటికి వచ్చాడు. వాళ్ల నాయన గీత కార్మికుడు, అన్న కూడా సెలవుల్లో మోకు వేసుకుని తాటిచెట్లెక్కేవాడు. సన్నటి మనిషి, చేతులు మాత్రం ఇనుము. మా పిల్లలందరినీ వరసగా నిలబెట్టి నినాదాలు నేర్పేవాడు. ఆయన కుడి జబ్బకు నల్లదారంతో ఒక రాగి అంత్రం, తాయెత్తు, ఉండేది. సర్కారుకే భయపడనివాడివి, ఇదెందుకు కట్టుకున్నావని ఒకసారి అడిగాను. అవ్వ కట్టింది, ఇప్పితే ఏడుస్తది అన్నాడు. అంతకంటే నిజమైన జవాబు ఈ విషయంలో నేను తర్వాత ఎక్కడా వినలేదు.

వానలకు ముందు బర్రెలకు గొంతువాపు సూదులు వెయ్యాలి. వెయ్యకపోతే పొద్దున గురక మొదలై సాయంత్రానికి బర్రె పడిపోతుంది. మా వాడలో ఒక్కో ఇంటికి ఒక్క బర్రె. అది పోతే ఆ ఏడు పోయినట్టే. అప్పటికే పక్క ఊళ్లో రెండు చచ్చాయి. మందు జగిత్యాలలో ఉంది. ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని ఎండ ముదరక ముందే తేవాలి. బస్సులు ఒకరోజు నడిచి నాలుగు రోజులు ఆగుతున్నాయి. సరిగ్గా అప్పుడే బండి టకటకమనడం మొదలుపెట్టింది.

బాపు ఇంజన్‌ను చూసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. బండిని స్టాండు మీద నిలిపి నడిపిస్తూ, అవ్వ పొయ్యి ఊదే గొట్టం తెచ్చి ఒక కొన ఇంజన్‌కు ఆనించి, రెండో కొన చెవిలో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. బర్రె డొక్కకు చెవి ఆనించి వినేటప్పుడు కూడా అట్లాగే మూసుకునేవాడు. కింద విన్నాడు, పక్కన విన్నాడు, పైన విన్నాడు. తర్వాత గొట్టం నా చెవికిచ్చి, "గుండె మంచిగనే కొట్టుకుంటాంది. మోకాలు కీలు అరిగింది" అన్నాడు.

పిస్టన్‌ను కడ్డీకి కలిపే చోట ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను తిరిగేది ఇత్తడిలాంటి లోహంతో చేసిన ఉంగరంలో. దాన్ని బుష్ అంటారు. అదే ఆయన చెప్పిన మోకాలు కీలు. కోరుట్ల మెకానిక్ సామాను హైదరాబాదు నుంచి రావాలన్నాడు, అంతా సద్దుమణిగాక చూద్దామన్నాడు. కొత్త సామాను కొనే తాహతు మాకు ఎట్లాగూ లేదు. ఇంట్లోనే విప్పుదామని బాపు మర్నాడే తాటికమ్మల పందిరి కింద గోనెపట్టా పరిచాడు.

విప్పిన ప్రతి ముక్కనూ నేను కిరసనాయిలులో కడిగి వరసగా పేర్చాలి. వరస తప్పితే బండి బండిగా ఉండదు, ఇనుప తుక్కవుతుంది అన్నాడు. పిస్టన్‌లోంచి పిన్ను రాలేదు. సుత్తితో కొడితే పిస్టన్ పగులుతుంది. వేడి చేస్తే వదులవుతుందని, కడ్డీకి ఉన్న పిస్టన్‌ను ఉడికే నీళ్లలో ముంచిన గుడ్డలతో మళ్లీ మళ్లీ చుట్టాడు. ఆ నీళ్లు కాచింది నాయనమ్మ గటుక వండే కుండలో. పిన్ను మెత్తగా జారి వచ్చింది. నూనె, మసి తేలిన కుండను చూసి నాయనమ్మ, "ఇగ దీంట్ల గటుక తింటే నా కడుపుల గూడ బండే ఉరుకుతది" అని దాన్ని దడి పక్కన బోర్లించింది. అది కోళ్లకు నీళ్లు పోసే కుండ అయింది.

పిస్టన్ నెత్తిన పేరుకున్న మసిని నేను వెదురు పుల్లతో గీకాను. సూదిమందు ఎక్కించే పెద్ద సిరంజీతో బాపు సన్నటి నూనె దారులు కడిగాడు. పుండు శుభ్రం చేసే పటకారుతో చిన్న స్ప్రింగు రింగులు తీశాడు. ఆ ఇంజన్‌కు మా ఇంట్లో జరిగింది నిజంగా ఆపరేషనే.

అరిగిన బుష్‌నూ పిన్‌నూ గుడ్డలో చుట్టుకుని, బస్సు నడిచిన ఒక పొద్దున బాపు నన్ను సిరిసిల్ల తీసుకుపోయాడు. మా మేనమామ అక్కడ మరమగ్గాల షెడ్డులో ఫిట్టరు. గల్లీ మొదట్లోనే గంజి వాసన, మిషన్ నూనె వాసన, నేల అదిరే చప్పుడు. ఆ చప్పుడులో మామ మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యెత్తి, "గా మూల మగ్గం ఎడ్డిగ కొడ్తాంది" అని లేచి పోయేవాడు. నాకు అన్నీ ఒకటే మోతగా వినిపించేవి. పాత మగ్గం బుష్ ఒకటి వెతికి లేతు మీద కోయించి మా పిన్నుకు సరిపడేట్టు చేయించాడు. అత్త వేడివేడి సర్వపిండి పెట్టింది. నేను తింటుండగా మామ ఒక మాట అన్నాడు. పోయిన నెల ఒకడు మగ్గంలో పిన్నీసు వదిలేశాడట. అది ఇరుసులో పడి, ఇరుసునే తినేసిందట. "మిషన్ కడుపుల దానిది గానిది ఏది పడ్డా ఇషమే, బిడ్డా." ఆ మాట నా ముందే అన్నాడు. నాకు తెలియక చేశానని చెప్పుకునే దారి లేకుండా పోయింది.

కొత్త బుష్‌ను పొడుగు బోల్టుతోటీ నట్టుతోటీ కొంచెం కొంచెంగా కడ్డీలోకి లాగి కూర్చోబెట్టాం. పుల్లకు గరుకు కాగితం చుట్టి బాపు దాని లోపలి వైపు పూటంతా రుద్దాడు. బొటనవేలితో నూకితే పిన్ను జారాలి, వదిలితే నిలవాలి. గాలి, నూనె బయటికి రాకుండా సిలిండరు కింద వేసే అట్ట కావాల్సి వచ్చింది. నా పాత భూగోళం పుస్తకం అట్ట సరిగ్గా సరిపోయే మందం. దాని మీద ఆంధ్రప్రదేశ్ పటం. బాపు దాన్ని ఇంజన్ మూతి మీద పెట్టి సుత్తితో అంచుల వెంట తట్టుతుంటే గుండ్రంగా తెగింది. దడి మీదుగా చూస్తున్న అన్న, "ఏంది కాకా, మేమింత మంది మొత్తుకుంటే గాని రాష్ట్రాన్ని నువ్వొక్కనివే కోస్తివి" అన్నాడు. ఆ ఎండాకాలంలో మా ఇంట్లో అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటా.

ఆ రోజు రాయికల్ అంగడి. నాయనమ్మ మధ్యాహ్నం తిరిగి వచ్చి నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. కొంగు ముడి విప్పితే అందులో చిక్కుడు గింజంత రాగి అంత్రం. రాగిరేకును సన్నగా చుట్టి, పైన మందంగా మైనం పూశారు. జగిత్యాల దారి మంచిగ లేదని అంగడిలో అందరూ చెప్పుకుంటున్నారట. కొడుకు ఆగడని ఆమెకు తెలుసు.

"బండి కడుపుల ఎయ్యాలెనట. బయట కడ్తే పని చెయ్యదట. నేను దగ్గరికి పోతే నీ బాపు అనుమానపడ్తడు. నువ్వైతే చెయ్యి పెడ్తనే ఉంటవు."

మామ చెప్పిన పిన్నీసు గుర్తొచ్చింది. ఇంజన్ పాడైతదేమో నాయనమ్మా అన్నాను. ఆమె నా గదవ పట్టుకుంది.

"నీ బాపుకు చెప్పినవా, తిరగబడ్తది. తిరగబడ్తే ఎవల మీద పడ్తదో ఎరికే గదా."

మంత్రగాడి తెలివంతా ఆ రెండో మాటలో ఉంది. రాగికి విలువ లేదు, మైనానికి విలువ లేదు. చెప్పొద్దన్న దానికే విలువ. ఆ ఒక్క నిబంధనతో ప్రశ్న అడిగే నోటికి తాళం పడుతుంది. వేసింది నీ చేతితోనే, తీస్తే చచ్చేది నీవాళ్లే. ఇది తర్వాత నేను వందసార్లు వేదికల మీద విడమర్చి చెప్పాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ గింజ నా పిడికిట్లో చెమటకు మెత్తబడుతోంది, నాకు బాపు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

బాపు బావి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఇంజన్ మూతి మీద దుమ్ము పడకుండా తడిగుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తి, కడ్డీ పక్క సందులోంచి వదిలేశాను. పడిన చప్పుడు వస్తుందని చెవి పెట్టాను. రాలేదు. లోపల చీకట్లో నూనె మెరిసింది, అంతే. చప్పుడు వచ్చి ఉంటే బహుశా భయపడి అరిచేదాన్ని, అంతా బయటపడేది.

తర్వాత సిలిండరు దింపాలి. పిస్టన్ చుట్టూ ఉన్న రింగులను వేళ్లతో నొక్కి పట్టుకోవాలి, బాపు పైనుంచి సిలిండరు జార్చాలి. నా వేళ్లు సన్నం కాబట్టి ఆ పని నాదే. రింగులు రెండుసార్లు నా వేళ్లలోంచి జారిపోయాయి. వేళ్లు నలుగుతాయని భయపడుతున్నాననుకున్నాడు బాపు.

"బయపడకు బిడ్డా. నీ ఏళ్లకు ఏం గానియ్య. నేను లేనా?"

నోటి దాకా వచ్చింది. మింగేశాను. సిలిండరు జారి కూర్చుంది. ఇక ఆ లోపలిది లోపలే.

పొద్దు గూకక ముందే నాలుగో కిక్కుకు ఇంజన్ అందుకుంది. టకటక లేదు. వాడంతా దడి చుట్టూ చేరింది. బాపు ఇంటి ముందు రెండు చుట్లు తిప్పి, గొట్టం చెవిన పెట్టుకుని విని, నా నెత్తిన నూనె చేత్తో నిమిరాడు. నాయనమ్మ గడపలోంచి నన్నే చూస్తోంది. చూశావా అన్నట్టు. నిజంగానే నాకు అంత్రం పనిచేసిందనిపించింది. కొత్త బుష్ వల్ల ఆగిన చప్పుడును నేనూ అంత్రం ఖాతాలోనే వేశాను. రోజంతా ఆ బుష్‌ను చేతులారా అమర్చినదాన్ని నేనే. భయం కళ్ల ముందు జరిగిన దాన్ని కూడా అట్లా తుడిచేస్తుంది.

ఆ రాత్రి నిద్రలో మాత్రం పిన్నీసు ఇరుసును తింటూనే ఉంది.

పొద్దున బాపు ఫ్లాస్కును సంచిలో పెట్టి భుజాన వేసుకున్నాడు. జగిత్యాలలో మీటింగు ఉందని అన్న వెనక కూర్చున్నాడు. పోలీసులు ఆపితే సర్కారు సంచి నిన్ను కాపాడుతుంది, ఉద్యమం పిల్లలు ఆపితే నా నోరు కాపాడుతుంది కాకా అని ఆయన వేళాకోళం. బాపు కిక్కు కొట్టబోతుంటే నేను హ్యాండిలు పట్టుకున్నాను.

"బాపూ."

"ఏంది బిడ్డా?"

చెబితే తిరగబడి చస్తాడు. చెప్పకపోతే ఇంజన్‌లో దానిది కాని వస్తువు ఉంది. రెండు వైపులా చావే. నాయనమ్మ నా వెనక నిలబడి ఉంది, ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది.

"మెల్లగ పో" అన్నాను.

బండి మూల తిరిగింది. గడీ ముందు ఇంజన్ ఆగిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ మొదలైన చప్పుడు. తర్వాత అదీ వినపడలేదు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి రావాలి. రాలేదు. అవ్వ వండిన అన్నం మూత తియ్యలేదు. అన్న వాళ్ల అవ్వ కల్లుకుండలు కడుగుతూ కడిగిందే మళ్లీ కడుగుతోంది. మధ్యాహ్నం దాటాక ఎడ్ల బండి మీద వచ్చిన ఒకాయన దారిలో మూలమలుపు దగ్గర గొడవైందని చెప్పాడు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టారట, లాఠీలు లేచాయట, ఎవరో లారీ కింద పడ్డారట. ఎవరని అవ్వ అడిగింది. తెలవదన్నాడు. మోటారు సైకిలుందా అని నేనడిగాను. అదీ తెలవదన్నాడు. నేను అట్ట లేని భూగోళం పుస్తకం ఒళ్లో పెట్టుకుని దడి పక్కన కూర్చున్నాను. జుట్టు ఇచ్చేస్తానని పోచమ్మకూ, ఇక అబద్ధం ఆడనని యేసుకూ మొక్కాను. నాయనమ్మ లెక్క నాకు ఒక్కపూటలో వంటబట్టింది.

పశువులు ఇంటికి మళ్లే వేళకు బాపు వచ్చాడు. ఒక్కడే. బండిని నూకుకుంటూ. గడీ దగ్గర అరుగు మీద కూర్చున్న జీతగాడు, ఇయ్యాల జెర దూరం కెల్లే దిగినవ్ కాంపౌండరూ అని నవ్వాడట. ఎనిమిది మైళ్లు నూకాడు. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. చొక్కా భుజాల దగ్గర తెల్లగా ఉప్పు పేరింది.

నీళ్లు తాగాక చెప్పాడు. ఎనిమిది మైళ్లు బండి పాలమీద మీగడలా పోయింది. ఉన్నట్టుండి లోపల ధడేల్మని ఇంజన్ పట్టేసింది. చక్రం జారి ఇద్దరూ ఇసుకలో పడ్డారు. గంటసేపు చూశారు, కదల్లేదు. ఒక లారీ వస్తే అన్న ఆపాడు. నువ్వు బండి తీసుకుని ఇంటికి పో కాకా, చిట్టీ రాసియ్యి, మందు నేను తెస్త అని ఫ్లాస్కు తీసుకుని ఎక్కాడు. మూలమలుపు దగ్గర లారీని ఆపేశారు. రాయి ఎవరిదో, లాఠీ ఎవరిదో, జనం ఉరుకుతుంటే లారీ ఎందుకు వెనక్కి నడిచిందో ఎవరూ చెప్పలేకపోయారు. చక్రం అన్న కాలు మీద నుంచి పోయింది. జగిత్యాల దవాఖానకు తీసుకుపోయారని ఎదురొచ్చినవాళ్లు చెప్పారట.

దడి అవతల ఏడుపు లేచింది. బాపు తల పట్టుకుని, తనతోనే అనుకుంటున్నట్టు ఒక మాట అన్నాడు.

"బండి ఆగకపోతే గొడవ కాకముందే మేం ఆ మలుపు దాటిపోదుము."

ఆ మాట ఇంకెవరికీ పట్టలేదు. నాకు పట్టింది.

మర్నాడు బాపు దవాఖానకు పోయి వచ్చి, ఆ మరుసటి రోజు ఇంజన్ విప్పాడు. కడ్డీ కింద తిరిగే ఇనుప చక్రానికీ ఇంజన్ గోడకూ నడుమ ఇరుక్కుని కందిబద్దలా చదునైన రాగిముక్క. పటకారుతో తీసి కిరసనాయిలులో కడిగి అరచేతిలో పెట్టుకున్నాడు. నాయనమ్మ చూసి పరుగున వచ్చింది. కొడుకు నెత్తిన చేయి పెట్టి ఏడుస్తూ, చూసినవా, నిన్ను ఆ మలుపు కాడికి పోనియ్యలే, నడిమిట్లనే ఆపింది అని వాడంతా వినపడేట్టు చెప్పింది. వాడంతా నమ్మింది. వాళ్లను తప్పుపట్టలేను. కొడుకు బతికి వచ్చాడు, రాగి చదునైంది, రెండూ కంటికి కనిపిస్తున్నాయి. అట్లాంటి రాగి అంత్రమే అన్న జబ్బకు కూడా ఉందని ఎవరికీ గుర్తురాలేదు. ఇంటికి నడిచి వచ్చినవాడి అంత్రం గురించే ఊరు మాట్లాడుతుంది. రానివాడి జబ్బ మీద ఏముందో ఎవరూ చూడరు. ఈ దేశంలో మహిమలన్నీ ఇట్లాగే పుట్టాయని నేను రాసిన ప్రతి వ్యాసమూ ఆ పందిరి కింద మొదలైందే.

అందరూ పోయాక బాపు నన్ను పిలిచాడు. చెంప మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"ఎప్పుడేసినవ్?"

"నువ్వు చేతులు కడుక్కోను పోయినప్పుడు."

"మైనం పూసి ఉండెనా?"

తలూపాను. ఆయన చాలాసేపు ముక్కను తిప్పి చూశాడు. తర్వాత రోగం చెప్పినట్టే మెల్లగా చెప్పాడు. "గందుకే ఇంటి ముందట చప్పుడు గాలే. మైనంతోని ఒక మూలకు అతుక్కుంది. ఎనిమిది మైళ్లు పోయినంక ఇంజన్ కాగింది. మైనం కరిగింది, రాగి ఊడింది, చక్రం కింద పడ్డది. గంతే. దీంట్ల మంత్రం లేదు, మాయ లేదు."

నా జీవితంలో విన్న మొదటి పూర్తి వివరణ అది. గుండె మీది బండ జరిగినట్టయింది. వెంటనే అడిగాను.

"మరి అన్న కాలు?"

బాపు ముక్కను టించరు సీసా మూతలో పెట్టి లేచి పోయాడు.

మందు మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. మా వాడలో రెండు బర్రెలు పోయాయి. అన్న కాలు నిలిచింది గాని మోకాలు మళ్లీ వంగలేదు. చెట్టెక్కే ఇంట్లో పుట్టి చెట్టెక్కలేని కాలుతో, సగంలో ఆగిన చదువుతో, రాయికల్‌లో బీడీల కార్ఖానాలో గుమస్తాగా కుదిరాడు. నేను చదువుకుని సభలెక్కాను. ఆ చుట్టుపక్కల ఎక్కడ మాట్లాడినా ముందు వరసలో కాలు చాపుకుని కూర్చునేవాడు. చివర్లో లేచి జబ్బ చూపించి, లారీ కింద పడ్డా నా పాణం కాపాడింది గిదే చెల్లె, దీనికేమంటవ్ అని అడిగేవాడు.

"పాణం కాపాడింది సరే. మరి కాలును ఎవలు కాపాడాలె అన్నా? దానికి ఇంకో అంత్రం కట్టాల్సి ఉండెనా?"

సభ ఘొల్లుమనేది. ఆయన కూడా నవ్వి కుంటుకుంటూ పోయేవాడు. ఆ చప్పట్లు నేను ఎన్ని ఊళ్లలో తీసుకున్నానో. ఆ కాలు అట్లా కావడంలో నా చేయి ఉందని తెలిసీ తీసుకున్నాను. తర్కం నాది సరైనదే. దాన్ని వాడిన నోరు మాత్రం సరైనది కాదు.

మొన్న ఆయన మంచం పక్కన కూర్చున్నాను. వాళ్ల బిడ్డ ఉడికించిన మక్కగుడాలు తెచ్చి పెట్టింది. సన్నబడ్డ జబ్బ మీద నల్లదారం వదులుగా మోచేతి దాకా జారి ఉంది. ఆమె లోపలికి పోయాక చెప్పేశాను. అంగడి, మైనం, తడిగుడ్డ, సందు, అన్నీ. యాభై ఏళ్లు దాచిన సంగతి చెప్పడానికి పట్టింది గ్లాసు చాయ చల్లారేంత సేపు.

ఆయన పైకప్పు చూస్తూ విన్నాడు.

"నాకెరికే చెల్లె. బండి ఇప్పినంక కాక మల్ల దవాఖానకొచ్చి చెప్పిండు. మంచం పట్టె పట్టుకొని ఏడ్సిండు. నా బిడ్డ తెల్వక చేసింది, మన్నించు అన్నడు."

చాయ గ్లాసు కింద పెట్టాను.

"మరి సభల ఎందుకు అనలే? నువ్వు లేచి గా ఒక్క మాటంటే నేను దిగిపోదును."

"దిగిపోతువు. గందుకే అనలే." ఆయన దారాన్ని మెల్లగా పైకి జరుపుకున్నాడు. "నువ్వు మాట్లాడేది నిజమే గదా. నాకు ధైర్యం లేక దీన్ని ఇప్పలే. మా అవ్వ పోయి ముప్పై ఏండ్లాయె, ఇంకా బయమే. నువ్వన్న మాట్లాడనీ అనుకున్న."

తర్వాత నవ్వాడు. కాలు మాట అన్నప్పుడల్లా మాత్రం జెర కోపమొచ్చేది అన్నాడు. మక్కగుడాలు ఇద్దరం తిన్నాం.

సాయంత్రం నన్ను బస్‌స్టాండులో దింపడానికి పిల్లగాడు బండి తీశాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. టక టక టక. ఎక్కు అమ్మమ్మా అన్నాడు. నేను వెనక్కి పోలేదు. ముందుకు పోయి హ్యాండిలు పట్టుకున్నాను, తాళంచెవి తిప్పేశాను. చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?"

"దిగు కొడుకా. గిది బాగైనదాంక నువ్వు తోలద్దు. లోపల పట్టేస్తే చక్రం తిరగది, రోడ్డు మీద పడ్తవు. మెకానిక్ కాడికి నూకుకుంట పోదాం పా. పోతాపోతా నీకు ఒక ముచ్చట చెప్తా."

వాడు విసుక్కుంటూ దిగాడు. నేను వెనక సీటు మీద చెయ్యేసి నూకాను. బండి కదిలింది.